బావ బోణీ, చెల్లె బస్సు

మొన్న మా కోడలు కొత్తగా కొన్న ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, ఆన్ చేస్తే చాలు ఏవేవో తెరుచుకుంటున్నాయని చెప్పింది. చూద్దును కదా, ఎవరూ పిలవకుండానే ఒక వాతావరణం, ఒక పాటల పెట్టె, ఏదో కొనమని బతిమాలే మరో దిక్కుమాలినది, అన్నీ తోసుకుంటూ వచ్చాయి. టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ అన్నచోట ఒక్కొక్కదాని నోరూ మూయించాను. ఉంటే ఏం నష్టం అత్తమ్మా, ఫ్రీయే కదా అందా పిల్ల. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే సరిగ్గా ఆ మాటే మా బావ నోట వినీ వినీ విసిగిపోయినదాన్ని.

మా అక్క భర్త భద్రాచలం బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టిన కొత్తల్లో నేను అక్కడే టైపింగు పనిచేసేదాన్ని. ఆ కాలం ఎరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, లావుపాటి మానిటర్, దానికొక గుడ్డ ముసుగు, దుమ్ము పడుతుందని చెప్పులు బయటే విప్పించడం, ఆ వెంటనే దాని నెత్తిమీదే అగరుబత్తి వెలిగించడం. ఎన్ని ఎక్కువ తెరుచుకుంటే కంప్యూటర్ అంత గొప్పదని ఆ మహానుభావుడి నమ్మకం. ఊరికే వస్తుందంటే ఏ చెత్తనైనా ఎక్కించేవాడు. యాంటీవైరస్‌లే రెండు పెట్టాడు, అవి ఒకదాన్నొకటి దొంగ అనుకొని కొట్టుకునేవి. అన్నిటికీ మించి, ఆన్ చేయగానే రాముడి భజన దానంతటదే మోగాలి, అది పూర్తయ్యేదాకా మౌస్ ముట్టకూడదు, ముడితే బోణీ చెడుతుందట. రన్‌లోకి వెళ్లి ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, వాటంతటవే లేచేవాటి పట్టికలో నాలుగు టిక్కులు తీసేస్తే బాగుపడే సంగతని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"మిషన్ల చెయ్యి వెట్టకు మరదలా, సప్పుడైతెనే గిరాకి వస్తది" అనేవాడు.

ఆ ఏడు గోదావరి పొంగిన రోజుల్లోనే మా చెల్లెకు టీచరు ఉద్యోగం పరీక్ష పడింది. వయసు నిబంధన వల్ల దానికి అదే ఆఖరి అవకాశం. మర్నాడు ఖమ్మంలో పరీక్ష, హాల్‌టికెట్ నెట్‌లో తీసుకోవాలి, ఆ రోజు పొద్దుటినుంచీ కరెంటు లేదు, తక్కిన నెట్ సెంటర్లవాళ్లు నీళ్లకు భయపడి షట్టర్లు దించేశారు. రోడ్డు మునగబోతోందని, ఇదే చివరి బస్సని కండక్టర్ చెప్పాడు. చెల్లె సీటులో కూర్చుంది, నేను సెంటర్‌కు పరుగెత్తాను.

కరెంటు అప్పుడే వచ్చింది. ఆన్ చేశాను. భజన మొదలైంది, చెత్తంతా ఒకటొకటిగా లేస్తోంది, నేను ఆపబోతే బావ మౌస్ మీద చెయ్యి వేసి, "ఆగరాదు, ఇంక బోణీ గాలె" అన్నాడు. పాట సగంలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మొదటినుంచీ ఆ తంతే. ఆగిపోయిన పాటకు బోణీ వర్తించదని కొత్త శాస్త్రం కూడా చెప్పాడు. బయట బస్సు హారన్ కొడుతూనే ఉంది.

నేను కాగితం పట్టుకొని వచ్చేసరికి చెల్లె బస్సు దిగి వానలో నిలబడి ఉంది. హాల్‌టికెట్ లేకుండా వెళ్లి ఏం చేస్తుంది? బస్సు వెళ్లిన కాసేపటికే రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి. కాగితం తీసుకొని మడిచి, "బోణీ అయిందా అక్కా?" అంది.

బావ వరదను తిట్టాడు, కరెంటువాళ్లను తిట్టాడు. మర్నాడు నేను టిక్కులన్నీ తీసేస్తే, మిషన్ మూగబోయిందని మెకానిక్‌ను పిలిపించి మళ్లీ అన్నీ పెట్టించుకున్నాడు. అటువంటి మనిషి మీద కోపం కూడా దండగ.

చెల్లె ఇప్పుడు అశ్వారావుపేటలో పామాయిల్ తోట చూసుకుంటోంది. బాగానే ఉంది, కానీ బడి గంట వినిపిస్తే నడుస్తున్నదల్లా ఆగుతుంది. ఇవాళ్టి కంప్యూటర్లు వేగమైనవి, ఎన్ని చెత్తలు వెనకాల లేచినా ఎవరికీ తెలియదు, అందుకే ఎవరికీ అసహ్యమూ వేయదు. కోడలి ల్యాప్‌టాప్‌ను శుభ్రం చేశాక మళ్లీ ఆన్ చేశాను. ఏ చప్పుడూ లేకుండా, క్షణంలో తెరుచుకుంది. ఇంతసేపే పట్టి ఉంటే మా చెల్లె ఆ బస్సు దిగేదే కాదు.