చుక్కాని లోపలి పూత

లిఫ్టులు బాగుచేసే మనిషి ఇంటి షెడ్డులో విమానం కడుతున్నాడని తెలిసినప్పటి నుంచీ పేటలో ఎదురుపడ్డ ప్రతివాళ్లూ ఒకటే అడిగేవారు, పన్నెండో అంతస్తు చాలదా బాబూ, ఇంకా పైకెళ్లాలా అని. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆరేళ్లుగా ప్రతి సెలవు రోజూ రేకు కోసి, వంచి, అరగదీసి తోక దాకా వచ్చాడు. విమానాన్ని పక్కలకు తిప్పే చుక్కాని ఒక్కటీ మూస్తే తోక అయిపోయినట్టే.

కానీ మూసేముందు ఫ్లయింగ్ క్లబ్బు పెద్దాయన వచ్చి లోపల చూడాలి. చుక్కాని లోపల పై రేకును నిలబెట్టే తొమ్మిది పక్కటెముకలుంటాయి. పైన రేకు కప్పి రివెట్లు కొట్టాక వాటి మొహం ఇక ఎవరూ చూడలేరు. చెమ్మ చేరి లోలోపల రేకును తినేస్తే ఆ సంగతి గాల్లో ఉండగా తెలుస్తుంది. అందుకే ముందు ప్రైమర్ పూత. అది నచ్చకపోతే పెద్దాయన సంతకం పెట్టడు, సంతకం లేనిదే ఆ విమానం నేల వదలదు. విమానాల వర్క్‌షాపులో నలభై ఏళ్లు చేసి రిటైరైన మనిషాయన. ఆయన దృష్టిలో ప్రైమరంటే క్రోమేట్ కలిసిన ఆకుపచ్చ డబ్బా ఒక్కటే. మిగతావన్నీ గోడలకు కొట్టుకునే సున్నాలు.

ఆ డబ్బా దగ్గరే ఇంట్లో పేచీ వచ్చింది. అతని భార్య స్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. ఎనిమిది నెలల పాప అప్పుడప్పుడే పాకుతోంది, చేతికి దొరికిందల్లా నోట్లోకే. టీచరమ్మ డబ్బా వెనక సన్న అక్షరాలు చివరిదాకా చదివింది.

"ఇది క్యాన్సర్ తెచ్చే సరుకండీ. తుంపర మీ చొక్కా మీద పడుతుంది, ఆ చొక్కాతోనే పాపనెత్తుకుంటారు. ఇది గేటు దాటి లోపలికి రావడానికి వీల్లేదు."

అతనూ తక్కువ తినలేదు, పాప రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు తెచ్చే రకం. డబ్బా తిరిగి షాపుకు వెళ్లిపోయింది. ఆ మాట పెద్దాయనకు చెప్పడానికి మాత్రం వారం రోజులు ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది.

"కబుర్లు నాకొద్దబ్బాయ్," అన్నాడు పెద్దాయన ఫోన్లో. "రేకు ముక్కల మీద కొట్టి, ఉప్పునీళ్లలో నానబెట్టి, టేపు అంటించి లాగు. ఊడకపోతే అప్పుడు మాట్లాడదాం."

కార్ల రంగుల షాపులో క్రోమేట్ లేనివి మూడు రకాలు దొరికాయి: ఎర్రది, తెల్లది, బూడిద రంగుది. బూడిదదానిలో కాస్త ఆమ్లం ఉంటుంది, అది రేకును కొరికి పట్టుకుంటుందని టీచరమ్మ చెప్పింది. పాపని పక్క వీధిలో ఉన్న అమ్మమ్మతో పంపేసి, మూతికి మాస్కు బిగించి, ఒక్కో రంగూ రెండేసి ముక్కల మీద కొట్టాడు. పాప పండ్ల గుజ్జు తిని ఖాళీ చేసిన ఆరు గాజు సీసాల్లో ఉప్పునీళ్లు పోసి, ముక్కలు ముంచి, ఫ్రిజ్ మీద వరసగా పెట్టారు. నాలుగు వారాలు ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద ఇంకేదీ పెట్టనివ్వలేదు.

ఎర్రది పొక్కులెక్కింది. తెల్లది టేపుతో పాటు అట్టలా లేచివచ్చింది. బూడిద రంగు మొదటి ముక్క మాత్రం టేపును లెక్కచేయలేదు. అతనికి ఇక ఆగబుద్ధి కాలేదు, రెండోది తీసి చూడకుండానే తొమ్మిది పక్కటెముకలకూ బూడిద రంగు కొట్టేశాడు.

శనివారం పొద్దున ఆ రెండో ముక్క తీశారు. టేపు లాగితే దాంతోపాటు పూత నాలుగు చోట్ల ఊడివచ్చింది. పెద్దాయన వచ్చేది మర్నాడే. అతను స్టూలు మీద కూలబడి, ఆరేళ్ల పని నీళ్లపాలైందన్నాడు.

టీచరమ్మ ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "పూత తప్పయితే ఎక్కడబడితే అక్కడ ఊడాలి. ఇలా వరసగా నాలుగే ఎందుకు ఊడాయి? మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆ మచ్చల మీద అతని నాలుగు వేళ్లూ అతికినట్టు సరిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు స్నానం చేయించిన పాపకి ఒళ్లంతా లోషన్ రాసి, అమ్మమ్మ చేతికిచ్చి, అదే చేత్తో ఆ ముక్క పట్టుకున్నాడు. జిడ్డు మీద ఏ పూతా నిలవదు, ఆకుపచ్చదైనా సరే.

"మరి పక్కటెముకలో?" అందామె.

వాటిని మాత్రం పూతకు ముందే సబ్బుతో, పీచుతో తోమాడు. నీళ్లు పోసి చూశాడు. జిడ్డుంటే నీళ్లు బొట్లుకడతాయి, లేకపోతే పలుచని పొరలా పరుచుకుంటాయి. తర్వాత కొత్త గ్లవ్స్‌తోనే ముట్టుకున్నాడు. అన్నీ చేశాడు, అయినా ఒక్కోదాన్నీ మళ్లీ మళ్లీ వంగి చూసుకున్నాడు. ఒకదాని మీద టేపు లాగి చూద్దామందామె. వద్దన్నాడు. ఊడేదుంటే పెద్దాయన కళ్లముందే ఊడనీ అన్నాడు.

ఆదివారం పెద్దాయన రాగానే, మంచి ముక్క కాకుండా చెడ్డ ముక్కే ముందు చేతిలో పెట్టి జరిగింది చెప్పాడు. పెద్దాయన జేబులోంచి బ్లేడూ, తను తెచ్చుకున్న టేపూ తీశాడు. పూత ముందుగా చెడేది రేకు వంపు దగ్గర, ఆయన సరిగ్గా అక్కడే అడ్డంగా నిలువుగా గీశాడు, టేపు అంటించి గోటితో రుద్దాడు, ఒక్క లాగు లాగాడు. ఏమీ రాలేదు. రెండోది, మూడోది. ఐదోదాని దగ్గర్నుంచి పాపని చంకనేసుకున్న టీచరమ్మ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిదోదాని టేపును పెద్దాయన వెలుతురుకేసి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నలుసంత రంగైనా అంటలేదు.

"మేమూ రేకుని గంటలకొద్దీ కడిగేవాళ్లమమ్మా," అన్నాడు టీచరమ్మతో. "ఆ సంగతి మర్చిపోయి, గొప్పంతా ఆకుపచ్చ డబ్బాదే అనుకున్నా. ఆ లాగ్‌బుక్కు ఇలా తే అబ్బాయ్."

సంతకం పెట్టి, గీసిన చోట్ల మళ్లీ పూత వేసి ఆరాకే మూయమని చెప్పి, తనే చొక్కా చేతులు మడిచి రేకు పట్టుకోవడానికి కూర్చున్నాడు. సాయంత్రానికి ఆఖరి రివెట్ పడింది.

అతను చుక్కానిని రెండు చేతులా ఎత్తుకుని షెడ్డు బయటికి, వీధిలోకి వచ్చాడు. అప్పుడే కాస్త గాలి లేచింది. రేకు గాలికి అడ్డుపడి, చేతుల్లోంచి లాక్కుపోతానన్నట్టు పక్కకి గుంజింది. అతను కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, గట్టిగా పట్టుకున్నాడు.