రెండు బిళ్లల మధ్య సందు

జార్జియాలోని త్బిలిసి గణిత సంస్థలో ఎతేరి పని చూడ్డానికి ఏమంత ఆర్భాటంగా ఉండేది కాదు. ఉక్కు బిళ్లలు పొదిగిన పలకను రెండు వైపులా లాగితే ఏ చోట ఎంత ఒత్తిడి పుడుతుందో కాగితం మీద తేల్చాలి. ఒక్క బిళ్లే ఉంటే లెక్క పాతదే, విద్యార్థులు కూడా చేసేస్తారు. పక్కన రెండోది చేరితేనే చిక్కు. మొదటి బిళ్ల ప్రభావం రెండోదాని మీద పడుతుంది, అది తిరిగొచ్చి మొదటిదాన్ని తాకుతుంది, మళ్లీ అటు, మళ్లీ ఇటు. ఎతేరి ఆ రాకపోకల్ని కొన్ని విడతల దాకా లెక్కగట్టి, ఆ తర్వాతవి పట్టించుకోనక్కర్లేనంత చిన్నవని రాసింది. ఏళ్ల తరబడి చేసిన థీసిస్ అది. మే నెలలో పండితుల సభ ముందు సమర్థించుకోవాలి.

ఏప్రిల్‌లో అంబ్రోసి పిలిచాడు. ఆమెతో కలిసి చదువుకున్నవాడే, ప్రయోగశాల చూస్తాడు. పారదర్శకమైన జిగురు పలకలో రెండు బిళ్లలు పోతపోసి, లాగి, ప్రత్యేకమైన వెలుగులో చూస్తే ఒత్తిడి రంగుల చారలుగా కనిపిస్తుంది. బిళ్లల మధ్య సందులో, ఆమె సూత్రం చెప్పినదానికి రెట్టింపు చారలున్నాయి.

కంగారుపడింది అతనే. "పోత కుదరలేదు, ఎతేరీ. పారేస్తాను. ఎవరికీ చూపించక్కర్లేదు."

ఆమె పరికరం అద్దంలోంచి చారల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"పారెయ్యకు. ఇంకోటి పొయ్యి. ఈసారి బిళ్లల్ని మరికాస్త దగ్గరగా పెట్టు."

రెండో పలకలో చారలు ఇంకా పెరిగాయి. అప్పుడామెకు తెలిసింది. బిళ్లలు దూరంగా ఉంటే రాకపోకల బలం త్వరగా తగ్గిపోతుంది. దగ్గరైన కొద్దీ అది తగ్గనే తగ్గదు. చిన్నవని ఆమె వదిలేసినవన్నీ అక్కడ పెద్దవే.

శాఖాధిపతి సేవేరియన్ మంచి మనిషి. థీసిస్ ఆపక్కర్లేదనీ, దూరంగా ఉన్న బిళ్లలకే ఇది వర్తిస్తుందని ఒక్క వాక్యం చేరిస్తే చాలనీ నచ్చజెప్పాడు. "అదేం అబద్ధం కాదుగా, అమ్మాయ్?" అన్నాడు.

"అబద్ధం కాదండీ. కానీ పలక పగిలేది దగ్గరగా ఉన్నచోటే. అసలు చోటే నాకు తెలియదని చెప్పి పట్టా ఎలా పుచ్చుకోను?"

థీసిస్ వెనక్కి తీసుకుంది. ఇంట్లో తల్లి మర్గో రెండు రోజులు విసవిసలాడుతూ తిరిగింది. కుతాయిసి ఊళ్లోని చుట్టాలందరినీ పట్టా విందుకు పిలిచేసింది మరి. మూడో రోజు లోబియో అనే చిక్కుడుగింజల కూర గిన్నె బల్ల మీద ఠప్పున పెట్టి, "ఊళ్లో ఎవరూ పట్టని తప్పు నీకే దొరికిందా? దొరికితే దొరికింది, దండోరా వెయ్యాలా?" అని దులిపేసింది. ఎతేరి తలవంచుకుని తింది.

మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. విడత మీద విడత గుణిస్తూ పోగా, రెండో చలికాలంలో ఒక సంగతి బయటపడింది. ప్రతి విడతా ముందుదానిలోంచి ఒకే పద్ధతిలో పుడుతోంది. అంటే మధ్యలో తెంచనక్కర్లేదు, చివరిదాకా కూడెయ్యొచ్చు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ తను దిగాల్సిన స్టాపు దాటిపోయి, నవ్వుకుంటూ వెనక్కి నడిచింది.

ఇంతలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో పనిచేసే పావ్లో అనే యువకుడు దాదాపు ఇదే సమస్య మీద వ్యాసం అచ్చువేశాడు. అంబ్రోసికి ఒళ్లు మండింది. ఆనాడే ఊరుకుని ఉంటే పేరంతా నీదే అయ్యేది కదా అన్నాడు. తప్పుకు వచ్చే పేరేం చేసుకోను అందామె.

సమర్థన సభకు పరీక్షకుడిగా ఆ పావ్లోనే వచ్చాడు. ఎతేరి మొదట అతని పేరే చెప్పి, ముందుగా దారి చూపింది ఆయనేనంది. ఆపైన తన లెక్క వివరించింది, అంబ్రోసి పలకల ఫొటోలు చూపించింది. సూత్రమూ చారలూ ఈసారి కలిశాయి.

పావ్లో లేచి రష్యన్‌లో, "నా పద్ధతి బిళ్లలు దాదాపు తాకబోయే చోట ఆగిపోయింది. ఈవిడది ఆగలేదు. ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు" అని కూర్చున్నాడు.

సభ చూడ్డానికొచ్చిన మర్గోకు రష్యన్ అంతగా రాదు, ఏమంటున్నాడని పక్కనున్న అంబ్రోసిని మోచేత్తో పొడిచింది.

"మీ అమ్మాయి మాటే నిజమంటున్నాడు, పిన్నీ."

"ఎప్పుడూ దాని మాటే నిజమవుతుంది, మా ఇంట్లో రోజూ ఉన్న గొడవే అది," అందావిడ, కళ్లు తుడుచుకుంటూ.

సభ్యుల ఓట్లన్నీ ఎతేరికే పడ్డాయి. చప్పట్లు ఆగకముందే ఆమె అంబ్రోసిని చెయ్యి పట్టి వేదిక మీదికి లాక్కొచ్చింది.