చిత్రమూలంతో మొలవని జుట్టు

కోతలు కోయడం నాకు అలవాటే గానీ, వాటిని నూరి నెత్తికి పూసుకునేవాళ్లుంటారని ఎప్పుడూ అనుకోలేదు.

ఆళ్లగడ్డ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు చెప్పిన చిత్రమూలం వేరు నూరి పట్టిచ్చినాడు మీ బామ్మర్ది. నెత్తంతా బొబ్బలు. మంట పుడితేనే పనిచేస్తాదని మళ్లా నూరుతాండాడు."

నంద్యాలలో ఆళ్లగడ్డ మీదుగా పోయే చాగలమర్రి బస్సెక్కాను. కూర్చోలేను, నిలబడలేను. "ఇంగా బిరీన పోదా అప్పా?" అని రెండుసార్లు అడిగి డ్రైవరుతో తిట్లు తిన్నాను. చెల్లెలు మళ్లీ ఫోనెత్తితే ఒట్టు.

ఏడాది కిందట జుట్టు నాటించుకున్నాను. నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. గుండు చూసి అడిగినవాళ్లకు మహానంది మొక్కన్నాను. జుట్టొచ్చాక అడిగినవాళ్లకు నల్లమలలో ఓ ముసలాయన ఇచ్చిన చిత్రమూలం వేరన్నాను. అది చర్మాన్ని కాలుస్తుందని తెలియదు. పేరు బాగుందని వాడుకున్నాను, అంతే.

వెళ్లేసరికి మా బామ్మర్ది అరుగు మీద నూరిన వేరు గిన్నె ముందేసుకుని ఉన్నాడు.

"పారెయ్ అబ్బీ. వేరూ లేదు, ముసలాయనా లేడు. ఆపరేషన్ చేయించుకున్నా."

"నెత్తికి ఆపరేషనేంది బావా?"

"సూదులేసి మొద్దుబారిస్తారు. ఎనకపక్క జుట్టు రాలే రకం కాదు. అందుకని సన్న గొట్టంతో అక్కడ ఒక్కో కుదురూ పెరికి, సల్లటి సెలైన్లో పెట్టి, ముందర గాట్లు పెట్టి నాటుతారు. పొద్దున పోతే సాయంత్రమాయ."

"ఊ, ఇంగ?"

"మూడు వారాలకు నాటిందంతా రాలిపాయ."

వాడు పకపకా నవ్వాడు. "రాలిపోయిందే మళ్లా మొలిచిందా? దీనికన్నా నీ ముసలాయనే మేలు. వేరు నాకు దక్కకూడదని కొత్తది అల్లుతాండావ్."

"వెంట్రుక రాలినా కుదురు లోపల ఉంటాది. నాలుగు నెలలకు పైకొస్తాది."

అప్పుడప్పుడూ చెప్పే నిజానికి ఇంత దిక్కులేనితనం ఉంటుందనుకోలేదు. వాడు ముద్ద తీసుకున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపి, వాడికి వీపు తిప్పి కూర్చున్నాను.

"ఎనకాల పాయ తీసి చూడు! పెరికిన మచ్చలుంటాయి."

చెల్లెలు కళ్లద్దాలు పెట్టుకుని దువ్వెనతో వచ్చింది. ఒక్కో పాయా తీసి చూసింది. "ఉండాయి. గసగసాల మాదిరి తెల్లచుక్కలు," అని, దువ్వెనతోనే నా నెత్తిన ఒకటేసి, గిన్నె తీసుకుపోయి కాలవలో బోర్లించింది.

"పద, ఆ బొబ్బలు డాక్టరుకు చూపిద్దాం," అన్నాను.

"నువ్వు చెప్తే రాను. మీ చెల్లెల్ని చెప్పమను."

ఆమె అప్పటికే చెప్పులేసుకుంది.