గార్డు చెవి మీది గడ్డ

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైలు చక్రాలు పరీక్షించే ఉద్యోగం నాది. ఇనుములో వెంట్రుకంత పగులున్నా పట్టేస్తానని పేరు. అంతటి మొనగాణ్ణి మా ఇంటి కుక్క దగ్గర ఎంత ఘనంగా బోల్తా పడ్డానో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. చివర్లో మాత్రం కాస్త దయ ఉంచండి.

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరు. కుక్క పేరు గార్డు. ఎక్కడికి వెళ్లినా రైలు చివరి పెట్టెలో గార్డులా అందరికంటే వెనక తాపీగా వచ్చేవాడు. పదకొండో ఏట వాడి చెవి మీద గడ్డ లేచింది. అచ్చం కాలీఫ్లవర్ ముక్క అతికించినట్టే! "ఏటిరా, కుక్కకి పువ్వెట్టినావు?" అని వీధిలో ప్రతివాడూ అడగడం, నా పరువు పట్టాలు తప్పడం.

"సెవి సంగతి తరవాత," అంది నా భార్య కుమారి. "ఈడు తోక కింద అస్తమానూ నాక్కుంటన్నాడు. నీళ్లు బకెట్లకి బకెట్లు తాగేస్తన్నాడు. అది సెప్పండి డాక్టరుకి."

"ఎండలకి నీళ్లు తాగడా ఏటి? కుక్కన్నాక నాక్కోదా?" అని కొట్టిపారేశాను.

పశువుల డాక్టరు బెంగాలీ ఆవిడ. మా తెలుగువాళ్ల కుక్కలకు వైద్యం చేసీ చేసీ తెలుగు నేర్చేసుకుంది. చెవి గడ్డలోంచి సన్నటి సూదితో కాస్త లాగి, గాజు పలక మీద రాసి మైక్రోస్కోపులో చూసింది.

"భయం లేదు దాదా. చర్మంలో నూనె గ్రంథికి వచ్చే గడ్డ. ముసలి కుక్కలకి మామూలే. తీయకపోయినా పర్వాలేదు."

"తీసెయ్యండి దీదీ! ఈధిలో తలెత్తుకోలేకపోతన్నాను."

"ఠీక్ హై. ఒకసారి తోక ఎత్తి పట్టుకోండి. అక్కడా గ్రంథులుంటాయి, చూస్తా."

ఆసుపత్రి వరండా నిండా జనం. తోక నాదే అయినట్టు సిగ్గుతో చచ్చిపోయాను. "అక్కడంతా బాగానే ఉన్నాది దీదీ. నాను రోజూ సూస్తాను," అని అబద్ధమాడేశాను. ఆవిడ రెండోసారి అడిగింది. రెండోసారీ అదే చెప్పాను.

చెవికి ఆపరేషనై, తలకు కట్టుతో గార్డు పెళ్లికొడుకులా ఇంటికొచ్చాడు. నేను వీధంతా రసగుల్లాలు పంచాను!

వానలు మొదలయ్యేసరికి వాడు తిండి మానేశాడు. దొడ్డికి కూర్చుని విలవిల్లాడేవాడు. అప్పుడు ఎత్తాను తోక. దాని కింద ఓ పక్కగా నిమ్మకాయంత గట్టి గడ్డ.

డాక్టరు వేలితో తడిమింది. రక్తపరీక్ష, పొట్ట స్కాన్ చేయించింది. నా ముఖం వైపు చూడకుండా చెప్పింది. "మలద్వారం పక్కనుండే గ్రంథిలో క్యాన్సర్ దాదా. లోపలికి పాకింది. ఇది రక్తంలో కాల్షియం పెంచేస్తుంది, అందుకే అంత దాహం."

"ఆ రోజే సూసుంటే?"

"చిన్నగా ఉన్నప్పుడు దొరికితే కోసి తీసేదాన్ని. ఎన్నాళ్లు బతికేవాడో చెప్పలేను. ఇంకొన్నాళ్లు బతికేవాడేమో."

మందుల చీటీ కుమారి తీసుకుంది. నొప్పి మందులతో మూడు వారాలు గడిచాయి. ఆఖరి రోజు ఉదయం నేను డ్యూటీకి బయలుదేరుతుంటే, గేటు దాకా సాగనంపడానికి లేవబోయి, లేవలేక, పడుకునే తోక ఊపాడు. నేను సైకిలు గోడకు చేర్చి వాడి పక్కన కూర్చుండిపోయాను. మధ్యాహ్నం కుమారి ఒళ్లో తల పెట్టుకుని వెళ్లిపోయాడు.

మొన్న తాల్‌బగీచాలో ఉండే మా బావమరిది ఇంటికి వెళ్తే, వాళ్ల కుక్కను చూపించాడు. "బావా, దీని మెడ మీద ఏదో పులిపిరి లేసినాది, సూడు."

నేను మెడ వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా వెనక్కి వెళ్లి తోక ఎత్తాను. అది గిర్రున తిరిగి నా చెయ్యి కరిచేసింది.

"ఏటి బావా ఆ పని!"

"ఏటీ నేదురా, శుభ్రంగా ఉన్నాది," అన్నాను. చేతికి రక్తం, కళ్లకు నీళ్లు, ముఖాన నవ్వు.

కాబట్టి, ఇంజెక్షన్లు పొడిపించుకున్న ఈ చేతిని పైకెత్తి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు చూస్తానన్న చోట 'అంతా బాగానే ఉంది' అని ఈ జన్మలో మళ్లీ చెప్పను.