ఎడపల్లిలో దిగిపోయిన మనిషి

కొడుకును నిజామాబాద్‌లో ఫాదర్లు నడిపే మగపిల్లల బడి హాస్టల్లో దింపడానికి బోధన్‌లో బస్సెక్కాను. పక్క సీట్లో యాభై దాటిన మనిషి కూర్చున్నాడు. మావాడి చొక్కా మీది బడి గుర్తును చూసి చేయి చాచి, వేలితో మెల్లగా తడిమాడు.

"మావోడు గూడ గీ బళ్లెనే సదివిండు చెల్లె."

"ఇప్పుడేం చేస్తుండన్నా?"

ఆయన కిటికీలోంచి చెరకు తోటల వైపు తల తిప్పాడు.

"సెలవులకొచ్చి, మల్ల పోను బాపూ అన్నడు. ఎందుకని అడుగలే. నేనే గుంజుకపోయి బస్సెక్కిచ్చిన. గంతే, మల్ల ఇంటికి రాలే."

ఆయన ఎడపల్లిలో దిగిపోయాడు.

మావాడికి ఆ బడి నచ్చింది. ఫాదర్లూ మంచివాళ్లే. అయినా సెలవులైపోయిన ప్రతిసారీ, బస్సెక్కే ముందు "పోతవా బిడ్డా?" అని అడుగుతాను. "పోతనే అమ్మా" అని నవ్వుతాడు.

మొన్న దసరా సెలవుల తర్వాత అడిగితే వాడు నవ్వలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. కండక్టర్ తొందర పెడుతున్నాడు. నేను ఆ బస్సును పోనిచ్చి, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.