పాగా రెండో కొస

జగ్‌దీప్ పాగా ఆరు గజాలు. పొద్దున్నే దాన్ని మడత పెట్టాలంటే రెండో కొస ఇంకొకరు పట్టుకోవాలి. తండ్రి నక్కపల్లి దగ్గర హైవే మీద డాబా వదిలి రాలేడు గనక, అనకాపల్లి అద్దెగదిలో ఆ పని తోటి విద్యార్థి తారక్‌ది. నోట్లో బ్రష్షు పెట్టుకుని, అడక్కుండానే కొస అందుకుంటాడు. ఇద్దరూ చెరో గోడకీ జరిగి, బట్టని బిగలాగి, పొడుగ్గా మడతలు పెడతారు. జగ్‌దీప్ పుట్టింది ఇక్కడే, మాటా ఇక్కడిదే. అయినా కొత్తవాళ్ళు అతనితో హిందీలోనే మొదలెడతారు. అతను తెలుగులో జవాబు చెప్పి ఊరుకుంటాడు.

ఒకరోజు కొస చేతిలో ఉండగానే తారక్ చెప్పేడు. "క్లాసంతా మార్నింగ్ షోకి ఎల్తన్నాం బావా. నువ్వు రాకు. నీ పాగా ఎవడైనా సూసేడంటే అందరం దొరికిపోతాం."

"గట్టిగా లాగు" అన్నాడు జగ్‌దీప్.

క్లాసులో ఒక్కడే కూర్చున్నాడు. లెక్చరరు గుమ్మంలోంచే, జగ్‌దీప్ కూర్చున్న బెంచీతో సహా అన్నీ చూసి, "ఒక్కడూ రాలేదన్నమాట" అని, రిజిస్టరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయేడు. జగ్‌దీప్‌కీ వెళ్ళిపోవాలనే ఉంది. కానీ ఎక్కడికెళ్తాడు? బెల్లం మార్కెట్టు నుంచి స్టేషన్ దాకా ఏ కొట్టువాణ్ణి అడిగినా, ఆ పాగా ఎటు పోయిందీ చెప్పేస్తాడు. చేతి ఇనప కడియం తిప్పుకుంటూ గంట కొట్టేదాకా అక్కడే ఉన్నాడు.

మర్నాడు తారక్ నోట్లో బ్రష్షుతో వచ్చి అలవాటుగా చెయ్యి చాపేడు. అప్పటికే పాగా కొస కిటికీ ఊచకి కట్టేసి ఉంది. రెండో కొస పట్టుకుని జగ్‌దీప్ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, వీపుకి గోడ తగిలేదాకా.