తిరుపతిరావు చెయ్యి వేసిన రాయి

నది ఒడ్డు పేట మెటియాబ్రుజ్‌లో, కింద దర్జీ మిషన్లు నడిచే ఒక మేడ మీద రెండు గదుల్లో కాపురముంటున్న తిరుపతిరావుకి స్ట్రాంగ్‌మాన్ పోటీలంటే వల్లమాలిన పిచ్చి. పడుచు వయసులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఖిదిర్‌పూర్ రేవులో బస్తాలు వీపు మీద మోసి మోసి, నడుం ఇక నావల్ల కాదన్నాక మానుకున్న మనిషి. అలాంటివాడు తీరిక దొరికాక ఏ భజనో, పేకాటో చూసుకోవాలి కదా. అబ్బే. పొద్దున టీ తాగింది మొదలు, కూతురు వాడి వదిలేసిన ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాడు. అందులో ఎక్కడో మంచు దేశాల్లో కొండంతేసి మనుషులు లారీలు లాగుతుంటారు, దుంగలు నెత్తికెత్తుతుంటారు, గుండ్రాళ్ళు మోస్తుంటారు. ఆయన భార్య కాసులమ్మకి ఇది బొత్తిగా మింగుడుపడదు. ఇన్నాళ్ళూ తను మోసింది చాలక, ఇప్పుడు ఇంకోళ్ళు మోస్తుంటే చూడ్డమేమిటని ఆమె దెప్పుతూనే ఉంటుంది.

ఆయన చూసే తీరు కూడా ఒక వింతే. అరవడు, చప్పట్లు కొట్టడు. బరువు ఎత్తుకున్న మనిషిని మెచ్చుకుంటే దిష్టి కొడుతుందని రేవులో ఆయన జట్టు నమ్మకం. అందుకని బరువు నేల తాకాకే నోరు విప్పుతాడు. విప్పాడంటే మాత్రం ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఎత్తిన దుంగను ధబీమని కింద పారేసేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. సరుకు పగిలిపోతే మీ జట్టు సర్దార్ ఊరుకుంటాడా అని ఫోన్ మీద కేకలేస్తాడు. అందులో సరుకేమీ లేదు, ఉత్త ఇనుమేనని కూతురు సుజన ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా ఎవరు గెలుస్తారో ముందే చెప్పేయగలనన్న ధీమా ఒకటి. ఆయన చెప్పినవాడు గెలిచిన సందర్భాలు బహు తక్కువ.

ఆ తక్కువకి ముఖ్య కారణం బల్‌జిందర్. పంజాబ్ నుంచి వచ్చిన ఈ వస్తాదు ఎంత బరువు మోసినా, చివర్లో పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించుతాడు. అది చూసి తిరుపతిరావు మనసు పారేసుకున్నాడు. ఆనాటి నుంచి అతను ‘మనోడు’ అయిపోయాడు. మనోడి జాతకం ఎలాంటిదో గానీ, ఎక్కడికి వెళ్ళినా రెండో స్థానమే. ఈ చలికాలం నది అవతల షాలిమార్ దగ్గర మైదానంలో జరిగే పోటీయే తన ఆఖరి పోటీ అని అతను ప్రకటించినప్పుడు తిరుపతిరావుకి అన్నం సయించలేదు. మనోడు ఒక్కసారి గెలవాలి, అది తను కళ్ళారా చూడాలి. ఆయనకి ఇంకో కోరిక లేదు. సుజన భవానీపూర్‌లో ఒక జిమ్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. యజమానిని బతిమాలి పాసులు తెచ్చింది. ఆయన్ని ఒంటరిగా పంపడం ఇష్టం లేక కాసులమ్మ కూడా సణుక్కుంటూనే మంచి చీర కట్టుకుంది.

ఆదివారం ఇద్దరూ లాంచీలో నది దాటి వెళ్ళారు. మొదటి వరసలో, మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కనే చోటు దొరికింది. ఎండ వాలేసరికి అన్నీ అయిపోయి, రాయి మోత ఒక్కటే మిగిలింది. దాని నియమం తేలికే. పెద్ద రాయిని గుండెకు హత్తుకుని నడవాలి. అది ఎక్కడ నేల తాకితే అక్కడికే లెక్క. అప్పటిదాకా అందరికంటే దూరం నడిచినవాడి రాయి పడినచోట ఎర్ర జెండా పాతారు. దాన్ని దాటితే కప్పు బల్‌జిందర్‌దే.

అతను రాయి ఎత్తుకుని నడవడం మొదలుపెట్టగానే కాసులమ్మ ఝాల్‌ముడి మరమరాలు తినడం మానేసింది. రేవు గేటు లోపలికి కూలీల ఇళ్ళవాళ్ళని రానివ్వరు. మొగుడు అలసిపోయి ఇంటికొచ్చాక చూడ్డమే తప్ప, మోస్తుండగా ఆమె ఎన్నడూ చూడలేదు. బరువు కింద మనిషి మెడ నరాలు అలా ఉబ్బుతాయనీ, ఊపిరి అలా విరిగి విరిగి వస్తుందనీ ఆమెకి ఆ రోజే తెలిసింది.

జెండా దగ్గర పడింది. తిరుపతిరావు తాడు పట్టుకుని ముందుకు వంగాడు. సరిగ్గా ఆయన ఎదురుగా వచ్చేసరికి రాయి బల్‌జిందర్ గుండె మీంచి పొట్ట మీదికి జారింది. మోకాళ్ళు వంగాయి. జనం గోలగోలగా అరుస్తున్నారు.

రేవులో ఒక కట్టుబాటు ఉంది. ఒకడి వీపు మీద బస్తా జారుతుంటే పక్కనున్నవాడు చెయ్యి వెయ్యాలి. వాడిది ఏ జట్టు, ఏ ఊరు అని అడగకూడదు. వాడితో పగ ఉన్నా సరే. చూస్తూ నిలబడ్డవాడితో ఆ తర్వాత ఎవరూ టీ కూడా తాగరు. తిరుపతిరావు ఆ కట్టుబాటులో ముసలివాడైన మనిషి. తాడు కింద నుంచి ఎలా దూరాడో ఆయనకే తెలియదు. తెలిసేసరికి ఆయన రెండు చేతులూ ఆ రాయి కింద ఉన్నాయి.

రిఫరీ ఈల ఊదాడు. ఎవరైనా చెయ్యి వేస్తే అక్కడితో నడక ఆగినట్టే లెక్క. జెండా ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. జనం తిరుపతిరావుని నానా మాటలూ అన్నారు. కాపలావాళ్ళు రెక్క పట్టుకున్నారు. బల్‌జిందర్ మాత్రం ఎప్పటిలాగే రాయిని మెల్లగా కిందికి దించి, దాని మీదే కూలబడి, కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఆయన వంక చూసి హిందీలో నెమ్మదిగా ఒకే మాట అన్నాడు.

"చాచా, నాలో ఇంకా నాలుగడుగులు ఉన్నాయి."

కోపంగా అన్నా బాగుండేది. తిరుపతిరావు చేతులు జోడించాడు.

తిరుగు లాంచీలో ఆయన కడ్డీ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. కాసులమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇక మొదలుపెడుతుందిరా బాబూ అనుకున్నాడు ఆయన.

"ఆడి గెలుపు నా సేతుల్తోనే సెడగొట్టీసినాను," అన్నాడు, ఆమె కంటే ముందే.

"సెడగొట్టీసినావు," అని ఒప్పుకుందామె. కొంగు భుజం మీదికి లాక్కుని, మళ్ళీ తనే అంది. "నువ్వు పనికెల్లిన రోజల్లా, ఈయన పక్కన సెయ్యేసీవోడు ఒకడుండాలమ్మా అని మొక్కీదాన్ని. మిగతా కూలీల ఆడోళ్ళు మొక్కుకున్న ఆ సెయ్యేసీవోడివి నువ్వేనని నాకేటి తెల్సు?"

తిరుపతిరావు కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. లాంచీ ఒడ్డు చేరేదాకా కాసులమ్మ ఆయన వీపు మీంచి చెయ్యి తియ్యలేదు.